ఉగాది ఇంక్రిమెంటు

మొన్న మా మియాపూర్ అపార్టుమెంటు లిఫ్టులో నాలుగో అంతస్తు అమ్మాయి కనిపించింది. ఆరో నెల. రాయదుర్గంలో ఏదో అద్దాల మేడలో ఉద్యోగం. ఎన్నాళ్ళు సెలవు పెడుతున్నావమ్మా అని అడిగాను. "మొత్తం పెడితే రేటింగ్ పోతుందట ఆంటీ. ఆ ఏడాది హైక్ కూడా రాదట. అందుకే త్వరగా వచ్చేద్దామనుకుంటున్నా" అంది. నేను దిగాల్సిన అంతస్తు వచ్చి, తలుపు తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. నేను దిగలేదు. ఆ సంగతి ఎక్కడ రాసి ఉందో చూశావా అన్నాను. "అందరూ అంటారు కదా ఆంటీ" అంది.

ఆ 'అట' అనే మాట వింటే చాలు, డెబ్బై ఎనిమిదేళ్ళ ఈ ఒంట్లో ఇప్పటికీ రక్తం ఉరకలు వేస్తుంది. ఎందుకంటే ఒక్క 'అట'ని నమ్మి మా ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు ఏడేళ్ళు నష్టపోయారు. ఆ నష్టానికి కారణం ఎవరనుకున్నారు? సాక్షాత్తూ నేనే. లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని పొద్దున్నే పరుగెత్తే అమ్మాయిలూ, ఒక్క అరగంట కూర్చోండి. నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు గురించి చెబుతాను. 

అరవైల చివర్లో, ఇప్పుడు మెట్రో స్తంభాలున్న ఈ రోడ్డుకి కొంచెం ఎడంగా, జొన్నచేల మధ్య రేకుల షెడ్లు వేసి చిన్న మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి పెట్టారు. దాని పేరు చెప్పను. మనుషుల పేర్లు అసలే చెప్పను. మాకు ఎలాగూ పేర్లకన్నా టోకెన్ నంబర్లే వాడుక. అందులో వైండింగు షాపు అని ఒకటి ఉండేది. మోటారు లోపల పట్టే సన్నటి రాగి తీగని చుట్టలు చుట్టలుగా చుట్టే చోటు. ఆ పనికి ఓపికా నాజూకు వేళ్ళూ కావాలని చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళని తీసుకున్నారు. మొదటి బ్యాచి మొత్తం ఒకే జూలైలో, బోనాలు అవుతుండగా చేరింది. నేనూ అదే నెలలో చేరాను. మాది కృష్ణా జిల్లా. పెళ్ళయ్యాక ఇటొచ్చి, టైపు పరీక్ష ప్యాసై, ఆఫీసులో సర్వీసు రిజిస్టర్లు రాసే గుమాస్తానయ్యాను.

నాకు చేతిరాత మీద గర్వం జాస్తి. సర్వీసు రిజిస్టరులో సెలవుల గడి అగ్గిపెట్టె వెడల్పు కూడా ఉండేది కాదు. కానుపు సెలవుకి 'మెటర్నిటీ లీవ్' అని పూర్తిగా రాస్తే అక్షరాలు పక్క గడిలోకి తన్నుకుపోయేవి. నాకది నచ్చలేదు. అందుకని ఎం.ఎల్. అని పొట్టిగా పెట్టాను. జ్వరానికో నడుం నొప్పికో డాక్టరు ఇచ్చే కాగితాన్ని ఫ్యాక్టరీలో అందరూ 'సిక్ చీటీ' అనేవారు కనక ఆ సెలవుకి ఎస్.ఎల్. అని పెట్టాను. మా సూపరింటెండెంటు ఇక్కడివారే, నిజాం కాలం నుంచి ఆఫీసుల్లో నలిగిన పెద్దమనిషి. రిజిస్టరు తిరగేసి, "శభాష్ బిడ్డా! ముత్యాలు పోసినట్టున్నది" అన్నారు. ఆ శభాష్‌తో నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

ఏడాదికోసారి ఆ రిజిస్టర్లు కింది అంతస్తులో జీతాల సెక్షన్‌కి వెళ్ళేవి. అక్కడ ఒకాయన వాటిని చూసి ఎవరి ఇంక్రిమెంటు ఏ తేదీన పడాలో వేసేవాడు. ఆయన ఏం వేశాడో నేను చూసేదాన్ని కాదు. నేను ఏం రాశానో ఆయన అడిగేవాడు కాదు. ఇలా ఏడేళ్ళు గడిచాయి.

ఇక నలభై రెండు సంగతి చెప్పాలి. అది ఆవిడ టోకెన్ నంబరు. పుట్టిల్లు పుప్పాలగూడ, మెట్టినిల్లు మియాపూర్. ముగ్గురు పిల్లలు. ఎడమచేతి చూపుడువేలి నిండా రాగి తీగ కోసిన సన్నటి గీతలు. ఎదుటివాళ్ళు ఒక మోటారు చుట్టేలోపు రెండు చుట్టి, మూడోది మొదలుపెట్టేది. నేను ఆవిణ్ణి మీరు అనేదాన్ని, ఆవిడ నన్ను నువ్వు అనేది. కొత్తలో కాస్త చిన్నబుచ్చుకున్నాను. తరవాత ఆ నువ్వులో ఉన్న చనువు తెలిసొచ్చి, ఎప్పుడైనా మీరు అంటే కోపం వచ్చిందేమో అని కంగారుపడేదాన్ని.

ఆ ఏడు వైండింగు షాపులో చార్జ్‌మన్ పోస్టు ఖాళీ అయింది. చార్జ్‌మన్ అంటే షాపులో పని పంచేవాడు, తప్పొప్పులు చూసేవాడు. పేరులోనే మన్ ఉంది కదా, ఆడవాళ్ళెవరూ దానివైపు కన్నెత్తి చూడలేదు. నలభై రెండు ఒక్కతే, "ఆ కుర్సీ నాకు గావాలె" అని నలుగురిలో నోరు తెరిచి అంది. అనడమే కాదు, దరఖాస్తు కూడా పెట్టింది. పరీక్షకి పిలిచే వాళ్ళ జాబితా తయారైంది. అందులో ఆవిడ నంబరు లేదు. మర్నాడు మూడు గంటలకి కమిటీ కూర్చుని ఆ జాబితా మీద సంతకాలు పెడుతుందనగా, ముందు రోజు మధ్యాహ్నం క్యాంటీనులో ఈ మాటలు జరిగాయి.

అప్పుడు నాకు అయిదో నెల. పచ్చిపులుసు రెండోసారి పోయించుకుంటుంటే నలభై రెండు కనిపెట్టేసింది.

"ఏంది మేడం, పులుసు మీద పడ్డవ్? ఇశేషం ఉన్నట్టున్నది గద!"

సిగ్గుపడుతూ తలూపాను. బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

"అయితే ఇగ నీకు గూడ దసరా ఇంక్రిమెంటే!" అంది.

నాకు అర్థం కాలేదు. నా మొహం చూసి అందరూ మళ్ళీ నవ్వారు. నలభై రెండు వేలు పెట్టి ఒక్కొక్కరినే చూపించింది. "గామెకు ఒక్కడే కొడుకు, దసరా ఇంక్రిమెంటు. గీమెకు ఇద్దరు, సంక్రాంతి పతంగుల ఇంక్రిమెంటు. నాకు ముగ్గురు గద, నాది ఉగాది. ఆ మూలకు కూసున్న పోరికి ఇంక పెండ్లి గాలే. బోనాల ఇంక్రిమెంటు, రాణి లెక్క ఉన్నది."

"అదేంటి, అందరం ఒకే జూలైలో చేరాం. అందరిదీ జూలైలోనే కదా ఇంక్రిమెంటు?"

"బిడ్డ పుడితే మూడు నెల్లు ఎన్కకు జరుగుతది గద మేడం. రూలట."

"ఏ రూలు? ఎవరు చెప్పారు?"

"ఎవరు జెప్తరు? జీతం కాయితంల కనవడ్తది. ఒక్కసారి జరిగినంక మల్ల ముంగటికి రాదు. ఆఖరి దాంక గంతే." తరవాత గొంతు కొంచెం తగ్గించింది. "గందుకే లిస్టుల నా నంబరు రాలే. డిసెంబరు ఆఖరుకు ఏడు ఇంక్రిమెంట్లు గావాలంట. నాకు ఆరే అయినయ్, ఏడోది ఉగాదికి. నా తాన పని నేర్చుకున్నాయన మా ఎన్క గదే ఏడు దీపావళికి చేరిండు, ఆయనకు ఏడు నిండినయ్. ఇగ ఆయన చార్జ్‌మన్ అయి నాకు చెప్తడు, తీగ ఎట్ల చుట్టాల్నో."

నవ్వుతూనే అంది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

అమ్మాయిలూ, నాకు తల తిరిగింది, వేవిళ్ళు అనుకోకండి. అలాంటి రూలు లేదు! రూల్సు పుస్తకం నా సొరుగులో ఉంది, ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. మా ఫ్యాక్టరీలో కానుపు సెలవు పన్నెండు వారాలూ సర్వీసు కిందే లెక్క, ఇంక్రిమెంటు ఒక్క రోజు కూడా జరగడానికి వీల్లేదు. జబ్బు సెలవైతే వేరు. అది పదిహేను రోజులు దాటిందంటే మొత్తం సర్వీసులోంచి కొట్టేస్తారు, ఇంక్రిమెంటు అన్ని రోజులూ వెనక్కి పోతుంది. మూడు నెలలే కదా అనుకోకండి. ఆ మూడు నెలలు ప్రతి ఏడాదీ పాత జీతమే. ఇంకో బిడ్డ పుడితే ఇంకో మూడు. దాని మీద ప్రమోషన్ జారిపోతుంది, ప్రమోషన్ మీద పైజీతం జారిపోతుంది. గోడలో చెమ్మ దిగినట్టు దిగుతూనే ఉంటుంది.

విస్తరి అలాగే వదిలేసి మేడమెట్లు ఎక్కాను. వైండింగు షాపు రిజిస్టర్లన్నీ దింపి, కింద జీతాల సెక్షన్ నుంచి ఇంక్రిమెంటు పట్టీ తెప్పించి, పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. నలభై రెండు: మూడు ఎం.ఎల్.లు, మూడు జరుపుళ్ళు. పక్కావిడ: రెండు ఎం.ఎల్.లు, రెండు జరుపుళ్ళు. తిప్పిన ప్రతి పేజీలోనూ ఎం.ఎల్. ఉన్నచోటల్లా తేదీ జరిగింది! నాకు ఎంత సంబరమేసిందో చెప్పలేను. జీతాలాయన దొరికాడు! కానుపు సెలవుని జబ్బు సెలవుగా కోసేస్తున్నాడు! ఆయన మా వైపు వాడే, గోదావరి జిల్లా మనిషి, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఎన్నోసార్లు నా కూడికల్లో తప్పులు పట్టి నవ్వాడు. ఇవాళ నా వంతు అనుకుంటూ రిజిస్టరు గుండెకి హత్తుకుని మెట్లు దిగాను.

"ఏవండీ, ఇది ఏమిటండీ?" అని ఎం.ఎల్. మీద వేలు పెట్టాను.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "మెడికల్ లీవండి."

"మెడికలా!"

"మరి ఎం.ఎల్. అంటే మెడికల్ లీవే కదండీ. నేను ముందు పనిచేసిన ఆఫీసులో అంతా అలాగే రాసేవాళ్ళం. అయినా మీరే కదండీ రాశారు?"

 వేలు పక్క గడి మీదికి జరిపి, "మరి ఎస్.ఎల్. అంటే?" అన్నాను.

"స్పెషల్ లీవండి. అది సర్వీసులో లెక్కే కదండీ. ఏమాటకామాటే, నాకూ అప్పుడప్పుడూ అనుమానం వచ్చేదండి. మగాళ్ళకి ఇన్నేసి స్పెషల్ లీవులు ఎవరిస్తున్నారా అని. ఆడవాళ్ళకి ఏడేళ్ళనుంచీ ఈ మూడేసి నెలల జ్వరాలేమిటా అని. ఇక్కడి బావి నీళ్ళు పడక అనుకున్నానండి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేడ మీద ఎం.ఎల్. అంటే కానుపు. మెట్లు దిగేసరికి అది జ్వరం. మేడ మీద ఎస్.ఎల్. అంటే జ్వరం, కిందికి దిగితే అదో గౌరవం! కాలు విరిగి రెండు నెలలు మంచం పట్టిన మగాడి ఇంక్రిమెంటు చెక్కుచెదరలేదు. బిడ్డని కన్న ఆడదాని ఇంక్రిమెంటు పండగ పండగకీ వెనక్కి జరుగుతూ పోయింది. ఇదంతా ఒక గడి అందంగా కనపడాలన్న నా ముచ్చట వల్ల.

జీతాలాయనకీ విషయం బోధపడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "ఇలా చేద్దామండి. ఈ నెలనుంచి మెల్లగా సరిగ్గా వేసుకుంటూ పోదాం. పాతవి కదిలించొద్దు. మీకూ మాట రాదు, నాకూ మాట రాదు."

నిజం చెప్పొద్దూ, ఒక గంట సేపు నేను ఆ మాట పట్టుకుని వేలాడాను. నా హెడ్ గుమాస్తా ప్రమోషన్ కాగితం ఆ వారమే పెద్ద ఆఫీసరు బల్ల మీదికి వెళ్ళింది. కడుపులో బిడ్డ. ఇంట్లో మా అత్తగారు ఎప్పుడు మానేస్తావని రోజూ అడుగుతున్నారు. పాతవి కదిలించకపోతే ఎవరికి తెలుస్తుంది? కానీ పాతవి కదిలించకపోతే రేపు మూడింటికి ఆ జాబితా మీద సంతకాలు పడిపోతాయి. నలభై రెండుకి తీగ చుట్టడం ఎలాగో ఇంకొకరు నేర్పుతారు. ఆ దృశ్యం కళ్ళముందు నిలిచాక, ఇక దాచకూడదని ఆ రాత్రే తేల్చుకున్నాను.

పొద్దున్నే సూపరింటెండెంటు గారి ముందు నిలబడి అంతా కక్కేశాను. ఆయన చేతిలో చాయ్ కప్పు సగంలోనే ఆగింది.

"ఏందమ్మా, పొద్దుగాల్నే ఈ పరేషాన్! నోట్ పెట్టు బిడ్డా. పైకి పంపిద్దం. రెండు మూడు నెలల్ల ఏదో ఒకటి చెప్తరు."

"మూడింటికి సంతకాలు సార్!"

"జర నిమ్మళంగ ఆలోచించు. నీకు మెమో వస్తది. నీ ప్రమోషన్ కాయితం పెద్దసారు ముంగటనే ఉన్నది."

"రానివ్వండి సార్. తప్పు నాది."

 ఆయన కప్పు కింద పెట్టి, నిజమైన చిక్కుముడి ఎక్కడుందో చెప్పారు. "సరే. కానీ సబూత్ ఏది? రిజిస్టర్ల ఎం.ఎల్. అని నువ్వే రాసినవ్. ఇప్పుడు అది జ్వరం గాదు, కానుపు అని నువ్వే అంటవ్. నిన్ను ఎందుకు నమ్మాలె?"

రుజువు! పాత సెలవు చీటీల గది వైపు పరుగెత్తాను. తలుపు తీస్తే చీటీలు లేవు, చెదల పుట్టలున్నాయి. పన్నెండయింది. షాపు గడియారం నా నెత్తి మీదే కొట్టుకుంటున్నట్టుంది. ఆ వసారాలో కూలబడబోతుంటే, పక్క షెడ్డులోంచి పసిపిల్లల ఏడుపు వినిపించింది. అబ్బ! నా మట్టిబుర్ర! మా ఫ్యాక్టరీకి పిల్లల గది ఉంది కదా! కానుపయ్యి పనిలోకి వచ్చిన ప్రతి తల్లీ తన బిడ్డని వదిలేది అక్కడే కదా!

ఆ గది ఆయా దగ్గర నూనె మరకలతో ఒక లావుపాటి నోటుబుక్కు ఉండేది. తల్లి టోకెన్ నంబరు, బిడ్డ పుట్టిన రోజు, గదికి వచ్చిన రోజు, టీకాలు ఎప్పుడెప్పుడు వేశారో, అన్నీ అందులో రాయించుకునేది. చెయ్యి చాచాను. ఆవిడ బుక్కు వెనక్కి దాచుకుంది.

"బుక్కు ఇయ్య. టీకాల లెక్కలున్నయ్. పోతే ఎవరు జవాబు చెప్తరు?"

"పోనీ మీరే బుక్కుతో రండి."

"పోరగాండ్లను ఎవరు జూస్తరు?" అని, ఒక క్షణం ఆలోచించి, ఎత్తుకున్న పిల్లని చంకనుంచి దింపకుండానే బయల్దేరింది.

మూడింటికి కమిటీ గదిలోకి మా ఊరేగింపు వెళ్ళింది. ముందు నాలుగు రిజిస్టర్లు మోస్తూ నేను, వెనక బుక్కూ పిల్లతో ఆయా, ఆ వెనక సూపరింటెండెంటు గారు. ఆయన రానక్కర్లేదు. అయినా వచ్చారు. దారిలో షాపు గుమ్మం దగ్గర ఆగి, నలభై రెండుని కూడా వెంట రమ్మన్నాను. విషయం చెప్పడానికి నాకు ఊపిరి లేదు, చేతికున్న వార్నిషు తుడుచుకోవడానికి ఆవిడకి తీరిక లేదు.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో పెద్ద ఆఫీసరు కలం మూత తీసి ఉన్నారు. నేను చెప్పింది ఆయన ఓపిగ్గానే విన్నారు. కానీ చివరికొచ్చేసరికి నుదురు ముడిపడింది.

"అమ్మా, మీరు చెప్పేది ఒక్క టోకెన్ గురించి కాదు. నలభై మందికి పైగా ఉన్నారు. రేపు ఇంతమంది తేదీలూ తిరగరాయాలి. అదీకాక ఎస్.ఎల్. జబ్బు సెలవైతే మగవాళ్ళ ఇంక్రిమెంట్లు కొయ్యాలి. యూనియన్ ఊరుకుంటుందా? పోనీ ఇవి నిజంగా కానుపు సెలవులేనని మేమెలా అనుకోవాలి? ఆవిడకి నిజంగానే జ్వరం వచ్చి ఉండొచ్చు కదా."

అప్పటిదాకా ఏం జరుగుతోందో సగం సగం వింటున్న నలభై రెండుకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. తన మూడు కానుపులూ ఇంతకాలం జ్వరాల కింద రాసి ఉన్నాయని. నేను నోరు తెరిచేలోపే ఆవిడ ముందుకొచ్చింది.

"జ్వరం ఎట్లయితది సారూ? జ్వరమొస్తే ఒక్కదాన్నే పోయి ఒక్కదాన్నే వస్త. నేను మూడుసార్లు ఒక్కదాన్నే పోయిన, మూడుసార్లు ఇద్దరమై వచ్చిన. మీ గేటు కాడి వాచ్‌మన్‌ను అడుగు."

 ఆయా చంకలో పిల్ల బల్ల మీది కాగితాల వైపు చెయ్యి చాపుతోంది. పెద్ద ఆఫీసరు ముందు పక్కవాళ్ళని చూశారు, తరవాత నలభై రెండుని చూశారు, ఇక ఆపుకోలేక పక్కున నవ్వేశారు.  "ఆ బుక్కు ఇటివ్వండి" అన్నారు. ఆయా ఆయనకీ ఇవ్వలేదు. తనే పేజీలు తిప్పుతూ చూపించింది. ఒక్కో బిడ్డ పుట్టిన రోజూ ఒక్కో ఎం.ఎల్. నడుమ కుదురుగా పడింది. మొదటి బిడ్డ, రెండో బిడ్డ, మూడో బిడ్డ. నలభై రెండుది అయ్యాక పక్కావిడది. ఆవిడది అయ్యాక ఇంకొకరిది. ఎక్కడా తేడా లేదు. ఆ అరగంట నేను బతికున్నంత కాలం మరిచిపోను. ఒక్కో తేదీ కలిసినప్పుడల్లా చప్పట్లు కొట్టాలనిపించి, రెండు చేతులూ చంకల్లో బిగించుకుని నిలబడ్డాను.

జాబితాలో నలభై రెండు నంబరు రాసి, ఆ తరవాతే సంతకం పెట్టారు. మిగతా ఆడవాళ్ళ తేదీలు నెలలోపల సరిచేయమన్నారు. మగవాళ్ళ పాత ఎస్.ఎల్.లని మాత్రం మానవతా దృష్టితో వదిలేయమన్నారు. మానవత్వానికి మగవాళ్ళ ఇంటి దారి ఎంత బాగా తెలుసో చూశారా! తిలాపాపం తలా పిడికెడు అన్నారు కానీ, మెమో మాత్రం నాకొక్కదానికే వచ్చింది. జీతాలాయనకి రాలేదు. నా ప్రమోషన్ ఏడాది ఆగింది. ఆ మెమో ఇప్పటికీ దాచుకున్నాను. నా చేతిరాతకి వచ్చిన శభాష్ ఎటు పోయిందో తెలియదు గానీ, ఇది పదిలంగా ఉంది.

పరీక్ష వారం తరవాత జరిగింది. నలుగురు కూర్చున్నారు. చుట్టాల్సింది ఒక మోటారు, వెతికి పట్టాల్సింది మూడు తప్పులు. నలభై రెండు మూడూ పట్టి, పరీక్ష పెట్టినవాళ్ళు తెలియకుండా చేసిన నాలుగో తప్పు కూడా పట్టింది! కుర్చీ ఆవిడదే అయింది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నాయన అందరికన్నా ముందు లడ్డూలు పంచాడు. మర్యాదస్తుడు.

ఆ నెలాఖరుకి నోటీసు బోర్డు మీద కొత్త ఇంక్రిమెంటు పట్టీ అంటించారు. నలభై మందికీ పైగా, అందరికీ జూలై. భోజనాల గంట కొట్టగానే షాపంతా బోర్డు ముందుకి వచ్చేసింది. చదువురాని వాళ్ళకి చదువొచ్చిన వాళ్ళు నంబరు వెతికి చూపిస్తున్నారు. "అందరికి బోనాలే!" అని ఎవరో అరిస్తే, మిగతావాళ్ళు ఈలలు వేశారు. నేను కూడా అరిచాను, కడుపులో బిడ్డ ఉలిక్కిపడేంత గట్టిగా.

నలభై రెండు మాత్రం నవ్వలేదు. బోర్డు వైపే చూస్తూ నిలబడింది. బాధ కలిగిందేమో, ఏడేళ్ళు పోయాయని కోపం వచ్చిందేమో అనుకుని దగ్గరికి వెళ్ళాను. నన్ను తిట్టినా పడాలనే వెళ్ళాను.

"నన్ను క్షమించండి. ఆ రెండక్షరాలు నేనే రాశాను" అన్నాను.

"నువ్వు రాసినవ్, ఆయన తప్పు చదివిండు. అది ఒక్క లెక్క" అంది. "నేను సోంచాయించేది అది గాదు మేడం. ఏడేండ్ల సంది దసరా, పతంగులు, ఉగాది అని నవ్వుకున్నం గాని, ఎందుకు జరిగిందని ఒక్కదాని నోట్లకెల్లి గూడ మాట రాలే. ఎందుకు అడగలే మేం?"

 జవాబు కూడా ఆవిడే చెప్పుకుంది.

"బిడ్డను గన్నందుకు ఏదో ఒకటి పోవాలె అనుకున్నం. గదే సహజమనుకున్నం. లేని రూలును మేమే మా నెత్తిమీద పెట్టుకున్నం."

అడగనిదే అమ్మయినా పెట్టదు అంటారు. నిజమే. కానీ ఏది అడగాలో తెలియాలంటే ఏది రాసి ఉందో తెలియాలి కదా. ఆ రాసి ఉన్నది ఎక్కడుంది? ఇంగ్లీషులో, నా సొరుగులో, తాళం వేసి. ఏడేళ్ళలో నేను దాన్ని ఒక్క వర్కరుకైనా చూపించలేదు. ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. రెండక్షరాలు పొట్టిగా రాయడం ఒక తప్పు. ఆ పుస్తకం తాళంలో ఉంచడం అంతకన్నా పెద్ద తప్పని, ఆ బోర్డు ముందు నిలబడి నేను తెలుసుకున్నాను.

మర్నాడు భోజనాల వేళకి సొరుగు తీసి, పుస్తకం చేత పట్టుకుని వైండింగు షాపుకి వెళ్ళాను. తీగ చుట్టలు పక్కకి జరిపి నాకు చోటిచ్చారు. ఆడవాళ్ళందరూ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని చుట్టూ కూర్చున్నారు. కొత్త చార్జ్‌మన్ నా ఎదురుగా కూర్చుంది.

"కానుపు సెలవు రూలు చదివి తెలుగులో చెప్పనా?" అన్నాను.

"అదెట్లనో వచ్చింది గద," అంది. "మొదటి పేజీ సంది చదువు మేడం. ఇంక ఏమేం పోయినయో చూద్దం."